సింథసైజరు నాదమునందలి పారుష్యము: శమనోపాయముల సమీక్ష

సింథసైజరు నాదముపై సంగీతజ్ఞులు చేయు ఆక్షేపణలలో మిక్కిలి పాతదియు, నేటికిని తఱచుగా వినవచ్చునదియు నగు ఆక్షేపణ యొకటి కలదు: ఆ నాదము చెవిని గీరుచున్నదని. మంద్రస్థాయిలో గంభీరముగానే పలుకు వాద్యము తారస్థాయికి చేరునప్పటికి కీచుమనుననియు, తొలి నిమిషమున మనస్సును లాగికొన్న తళుకే కొంతసేపటికి తలనొప్పిగా పరిణమించుననియు, ఇతర వాద్యముల సరసన నిలిపినపుడు గాయకుని గొంతును సైతము కప్పివేయుననియు, ఈ వాద్యమును వాడినవారెల్లరు నెఱిగినదే. దీనికి చెప్పబడు చికిత్సలును అనేకములు. పై పౌనఃపున్యములను ఈక్వలైజరుతో కోసివేయుమని యొకరు, డిజిటల్ వాద్యమును విడిచి అనలాగ్ వాద్యమును కొనుమని మఱియొకరు, దోషము వాద్యమున లేదు, స్పీకరులలో నున్నదని వేఱొకరు చెప్పుదురు. ఈ యుపదేశముల వెనుక శాస్త్రమెంత, అలవాటెంత, వట్టి వ్యామోహమెంత యని పరిశీలించుటయే ఈ వ్యాసమున తలపెట్టిన పని. నా నిర్ణయమును ముందుగానే చెప్పివేసినచో పాఠకునకు దారి సుగమమగును. ఎత్తైన పౌనఃపున్యము తనంతట తాను పరుషము కాదు. కదలక మెదలక ఒకే బలముతో నిలిచినపుడును, మూలస్వరముతో చుట్టఱికము లేనపుడును అది పరుషమగును. కావున దానిని నాదము పుట్టుచోటనే అదుపు చేయవలయును గాని, పుట్టి పెరిగిన పిమ్మట కోయుటను కడపటి యుపాయముగా మాత్రమే యుంచుకొనవలయును.

మొట్టమొదట చెవి సంగతి. మనుష్యుని చెవి 20 హెర్ట్జుల నుండి 20,000 హెర్ట్జుల వఱకు వినగలదని పాఠ్యపుస్తకములు చెప్పును గాని, ఆ విస్తీర్ణమంతటను అది సమదృష్టితో వినదు. బయటి చెవినాళము సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు గలిగి, లోపలి కొన కర్ణభేరిచే మూయబడిన గొట్టము. అట్టి గొట్టమునకు 3,000 హెర్ట్జులకు కొంచెము పైన సహజమైన అనునాదము కలుగును. 1933లో బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్‌సన్ అనువారు వివిధ పౌనఃపున్యములు చెవికి సమానముగా వినబడుటకు వలసిన తీవ్రతలను రేఖలుగా గీచి ప్రకటించిరి. 1956లో రాబిన్సన్, డాడ్సన్ చేసిన సవరణలోను, 2003లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణమునందును అంకెలు మాఱినవి గాని మూలసత్యము మాఱలేదు: 2,000 మొదలు 5,000 హెర్ట్జుల నడుమ చెవి మిక్కిలి సునిశితము. 100 హెర్ట్జుల స్వరము వినబడుటకు వలసిన పీడనమునకును, 3,000 హెర్ట్జుల ప్రాంతపు స్వరమునకు చాలు పీడనమునకును సుమారు 30 డెసిబెల్‌ల అంతరము గలదు. దీనినిబట్టి ఒక ఆచరణాంశము తేలుచున్నది. కీచుదనమనగానే 10,000 హెర్ట్జులకు పైనున్న భాగమును తగ్గించువారు ప్రాయికముగా నిరపరాధిని శిక్షించుచున్నారు. అక్కడ నున్నది నాదమునకు గాలియు వెలుతురును ఇచ్చు భాగము. గీరునది అంతకు రెండుమూడు మెట్లు దిగువనే, చెవి మిక్కిలి మేల్కొని యుండు చోటనే యుండును.

చెవి సునిశితత్వమునకు తోడు మఱియొక కారణము కలదు. అది హెల్మ్‌హోల్ట్‌జ్ పండితుని కాలము నుండి తెలిసినదే. 1863లో ప్రకటించిన స్వరసంవేదనా గ్రంథమున ఆయన, మూలస్వరపు గుణిజములుగా దానితోపాటు పలుకు అనుస్వరములలో ఆఱవదాని వఱకు మితమైన బలముతో నున్న నాదము నిండుగా, సంగీతయోగ్యముగా నుండుననియు, ఆఱు ఏడు దాటిన అనుస్వరములు ప్రస్ఫుటమైనచో నాదము కోతగాను గరుకుగాను మాఱుననియు నిరూపించి, ఆ గరుకునకు ఇరుగుపొరుగు అనుస్వరముల నడుమ జనించు విస్పందనములే హేతువని చెప్పెను. నూఱేండ్లు గడచిన పిమ్మట, 1965లో, ప్లోంప్, లెవెల్ట్ అను డచ్చి పరిశోధకులు ఈ భావమునకు గట్టి కొలత నొసంగిరి. లోపలి చెవి తనకు చేరిన ధ్వనిని కొన్ని పట్టీలుగా విభజించుకొని వినును; ఒకే పట్టీలో పడిన రెండు స్వరములు ఒండొంటి నొరసికొనును; వాని నడుమ ఎడము పట్టీ వెడల్పులో ఇంచుమించు నాల్గవ వంతు ఉన్నపుడు ఆ యొరపిడి పరాకాష్ఠ నందును. ఇపుడు 110 హెర్ట్జుల మంద్రస్వరమును రంపపుపంటి ఆకృతి గల తరంగముతో పలికించితి మనుకొందము. దాని 27, 28, 29వ అనుస్వరములు వరుసగా 2,970, 3,080, 3,190 హెర్ట్జుల వద్ద నిలుచును. ఆ ప్రాంతమున చెవిపట్టీ వెడల్పు 500 హెర్ట్జులకు అటునిటుగా నుండును గనుక, నాలుగైదు అనుస్వరములు ఒకే పట్టీలో ఇఱుకుకొని, గరుకుదనము అత్యధికమగు ఎడముననే నిలిచి, సెకనుకు 110 మాఱులు ఒరసికొనుచుండును. మంద్రస్వరము కూడ కీచుమనుట యెట్లని ఆశ్చర్యపడువారికి సమాధాన మిదియే.

ఇంకొక విషయము సంగీతజ్ఞులకు అంతగా తెలియదు గాని మిక్కిలి ప్రయోజనకారి. జర్మనీలో జ్వికర్, ఆయన వెంట 1974లో ఫోన్ బిస్మార్క్, నాదపు తీక్ష్ణతను కొలుచు పద్ధతి నేర్పఱచి దానికి ఆకుమ్ అను ప్రమాణమును పెట్టిరి. వారి లెక్కలో తీక్ష్ణత యనునది పై పౌనఃపున్యముల మొత్తము కాదు. శ్రవణతీవ్రత అంతయు చెవిపట్టీలపై ఎట్లు పఱచుకొన్నదో, దాని భారకేంద్ర మెచటనున్నదో, అదియే తీక్ష్ణతకు ఆధారము. తత్ఫలితముగా, పైభాగము నొక డెసిబెల్ కూడ తగ్గింపక, క్రిందిభాగమున బలము చేర్చినను తీక్ష్ణత తగ్గును. తారస్వరమునకు ఒక స్థాయి దిగువన మెత్తని త్రిభుజతరంగము నొకదానిని సన్నగా జతచేసిన వాదకుడు ఈ సూత్రమునే యెఱుగక వాడుచున్నాడు. కోతకంటె ఈ పూరణమే మేలని నా తలంపు. ఏలయన కోసిన నాదము పాటలో వెనుకకు పోవును, పూరించిన నాదము నిలిచిన చోటనే మెత్తబడును.

తరంగాకృతుల మాట సంక్షేపముగా చెప్పవచ్చును. ఏ ఆవృత్తతరంగమైనను శుద్ధస్వరముల మొత్తముగా విడదీయవచ్చునని 1822లో ఫూరియే చూపిన సూత్రము ననుసరించి, రంపపుపంటి తరంగమున ప్రతి అనుస్వరము తన క్రమసంఖ్యతో భాగింపబడిన బలము గలిగి, స్థాయికి 6 డెసిబెల్‌ల చొప్పున క్షీణించును. చతురస్రతరంగము బేసి అనుస్వరములను మాత్రమే గలిగి అదే చొప్పున క్షీణించును. త్రిభుజతరంగము 12 డెసిబెల్‌ల చొప్పున త్వరగా సన్నగిల్లును. 6 డెసిబెల్‌ల క్షీణత చెవికి చాలదు. ఏలయన చెవియే ఆ తగ్గుదలలో అధికభాగమును 3,000 హెర్ట్జుల వద్ద తన సునిశితత్వముచే పూడ్చివేయును.

అయినను ఇంతమాత్రమున పై అనుస్వరములను శత్రువులుగా నెంచుట పొరపాటు. మన తంబురనే చూడుడు. గుఱ్ఱముపై తంత్రికి దిగువన ‘జీవ’ యను దారపుపోగు నుంచి సవరించినపుడు ఆ తంత్రి ఎన్ని పై అనుస్వరములను వెలిగ్రక్కునో విన్నవారికి చెప్ప నక్కఱలేదు. 1921లో సి. వి. రామన్ భారతీయ తంత్రీవాద్యములను గూర్చి ప్రకటించిన పరిశోధనలో, తంబుర, వీణెల గుఱ్ఱపు వంపు కారణముగా, మీటిన బిందువున నిశ్చలముగా నుండవలసిన అనుస్వరములు కూడ స్పష్టముగా వినబడుననియు, పాశ్చాత్యులు తంత్రులకు విధించిన నియమమును ఈ వాద్యములు ఉల్లంఘించుచున్నవనియు ప్రకటించెను. లెక్కప్రకారము తంబుర నాదము రంపపుపంటి తరంగమువలెనే సమృద్ధము; గంటలకొలది విన్నను తలనొప్పి తేదు. కారణము దాని అనుస్వరములయందలి చలనము. మీటిన క్షణము నుండి అణగువఱకు ఒక్కొక్క అనుస్వరము తన కాలమున పైకి లేచి, తన కాలమున దిగును; చెవి ఏ యొక్క పౌనఃపున్యముపైనను చిక్కుకొని పోదు. మార్పులేని తరంగమును నిర్విరామముగా పలుకు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె, అనుస్వరములు తంబురకంటె తక్కువై యుండియు, అరగంటలో విసుగు పుట్టించుటకు హేతువు ఆ చలనము లేకపోవుటయే. 1960ల నడుమ బెల్ ప్రయోగశాలలలో ట్రంపెట్టు నాదమును కంప్యూటరుతో విశ్లేషించిన ఫ్రెంచి స్వరకర్త జాఁ-క్లోద్ రిస్సే కూడ సజాతీయమైన సత్యమునే కనుగొనెను: ఊదినకొలది బలము పెరుగును, బలము పెరిగినకొలది పై అనుస్వరముల పాలు అంతకంటె వేగముగా పెరుగును. సహజవాద్యమున వెలుగు అనునది కాలమునకును, వాదకుని శ్రమకును అధీనము. అట్టి బంధమును తెంచుకొన్న వెలుగు పరుషము.

ఈ దృష్టితో చూచినపుడు ఫిల్టరు చరిత్ర కొత్త యర్థముతో కనబడును. 1964లో న్యూయార్కు రాష్ట్రమున రాబర్ట్ మోగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్ సహకారముతో, వోల్టేజిచే నడుపబడు వాద్యభాగములను నిర్మించెను. 1966లో దరఖాస్తు చేయగా 1969లో పేటెంటు లభించిన ఆయన ఫిల్టరు, ట్రాన్సిస్టరుల జతలు నిచ్చెన మెట్లవలె పేర్చబడి యుండుటచే నిచ్చెన ఫిల్టరని పేరొందినది. నాలుగు మెట్లు, మెట్టునకు 6 చొప్పున స్థాయికి 24 డెసిబెల్‌ల కోత; అనగా 1,000 హెర్ట్జుల వద్ద హద్దు పెట్టినచో 4,000 హెర్ట్జుల వద్ద నున్న అనుస్వరము సుమారు 48 డెసిబెల్‌లు అణగిపోవును. కాని ఈ ఫిల్టరు మహిమ కోతలో లేదు. ఆ హద్దును మఱియొక వోల్టేజి క్షణక్షణము కదల్పగలుగుటలో నున్నది. స్వరము పుట్టిన క్షణమున హద్దు పైకి లేచి, వెంటనే జాఱి, మధ్యమున నిలిచి, వ్రేలెత్తినపుడు అడుగంటునట్లు ఎన్వలపును కట్టినచో, పై అనుస్వరములు కొద్దిసేపు మాత్రమే మెఱసి మాయమగును. చెవి ఆ మెఱపును పారుష్యముగా గాక స్వరారంభముగా గ్రహించును. ఆ పనికి అరసెకను లోపలి కాలమే చాలును.

  

24 డెసిబెల్‌ల కోత మేలా, 12 మేలా యను వివాదము వాదకులలో నేటికిని తెగలేదు. 1974లో టామ్ ఒబర్‌హైమ్ వెలువరించిన చిన్న వాద్యమున ఫిల్టరు స్థాయికి 12 డెసిబెల్‌ల కోత మాత్రమే గలది. నిటారైన కోత గల ఫిల్టరు మందమైన, నునుపైన మంద్రస్వరములకు తగును; వాలుగా నున్న కోత, హద్దును కొంచెము దిగువకు దింపి వాడినచో, చెవి మిక్కిలి సునిశితమగు చెవిపట్టు ప్రాంతమును తగ్గించుచునే పైనున్న గాలిని కొంత మిగుల్చును. తీగెవాద్యముల గుంపును పోలు నాదములకు రెండవదియే నాకు రుచించును. రెజొనెన్సు విషయమున మాత్రము రెండుమాటలు లేవు. అది హద్దువద్ద నున్న అనుస్వరమును పనిగట్టుకొని లేవనెత్తును. ఆ హద్దు 2,000, 5,000 హెర్ట్జుల నడుమ నిలిచిపోయినచో చెవి మిక్కిలి సునిశితమైన చోటనే శూలము నాటినట్లగును. పైగా మోగ్ ఫిల్టరులో రెజొనెన్సు పెంచినకొలది మంద్రభాగపు బలము తగ్గును గనుక, మీద చెప్పిన భారకేంద్రము రెండు విధముల పైకి జరుగును. కదలుచున్న రెజొనెన్సు సహ్యము, ఒక్కొక్కపుడు మనోహరము. నిలిచిన రెజొనెన్సును ఈ ప్రాంతము నుండి తొలగించుట శ్రేయము.

అందఱును ఉపేక్షించు అంశము కీబోర్డు అనుసరణము. హద్దును ఒకచోట స్థిరముగా నుంచినచో మంద్రస్వరములు వెలుగుచు, తారస్వరములు మసకబాఱును. హద్దు స్వరముతోపాటు పూర్తిగా పైకి పోవునట్లు చేసినచో, ప్రతి స్వరమునకును అన్నే అనుస్వరములు దక్కును గాని, తారస్థాయిలో అవి యన్నియు చెవిపట్టు ప్రాంతమునకో, దాని పైకో చేరి కీచుమనును. 1970 నాటి మినీమోగ్ నిర్మాతలు ఈ చిక్కు నెఱిగి రెండు మీటలు పెట్టిరి: ఒకటి మూడవ వంతు అనుసరణమునకు, రెండవది మూడింట రెండు వంతులకు, రెండును కలిసిన పూర్తి అనుసరణమునకు. సహజవాద్యములలోను ఎత్తు స్వరములకు అనుస్వరములు తక్కువగానే యుండును. కావున సగమునకు అటునిటుగా నుండు అనుసరణమే సాధారణముగా చెవికి ఇంపు. తారస్థాయిలో కీచుమను నాదములలో ఎన్నింటికో ఈ యొక్క సవరణయే చాలును. ఈక్వలైజరు జోలికి పోనక్కఱలేదు. మీటు బలమును కూడ, గట్టిగా నొక్కినపుడు మాత్రమే హద్దు లేచునట్లు ముడిపెట్టినచో, రిస్సే ట్రంపెట్టులో చూచిన ధర్మము వాద్యమునకు సంక్రమించును.

కాలిఫోర్నియాలో మోగునకు సమకాలికుడైన డాన్ బుక్లా ఈ సమస్యను మఱియొక వైపునుండి పట్టుకొనెను. ఆయన వాద్యములలో పై అనుస్వరములను అదుపుచేయు భాగము, నాదబలమును అదుపుచేయు భాగము ఒక్కటియే. దీపము, కాంతిగ్రాహి ఒక చిన్న గూటిలో నుండు ఉపకరణముచే అది పనిచేయును. కాంతిగ్రాహి తాపీగా స్పందించును గనుక నాదము తగ్గుచున్నపుడు వెలుగును బలమును చేయిచేయి పట్టుకొని దిగును. కొట్టిన కొయ్య, చర్మము, వెదురు ప్రకృతిలో చేయు పని యిదియే. ఆ నాదమును పరుషమనినవాడు నాకు తారసపడలేదు.

ఇక ఫిల్టరు లేని వాద్యముల మాట. 1967లో స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ ఒక తరంగపు పౌనఃపున్యమును మఱియొక తరంగముచే వేగముగా ఊగించి, రెండే ఆసిలేటరులతో అనంతమైన అనుస్వరములను పుట్టించు మార్గమును కనుగొని 1973లో ప్రకటించెను. ఈ ఎఫ్.ఎం. పద్ధతిని యమహా సంస్థ స్వీకరించి 1983లో డీఎక్స్7 వాద్యమును విడుదల చేయగా, దాని గంటలు, పియానోలు దేశదేశముల సినిమాపాటలను ముంచెత్తినవి. ఆ వాద్యము చల్లగా, గాజువలె నున్నదను అపవాదు కూడ అంతటనే పాకినది. అపవాదులో కొంత నిజము కలదు. తప్పు పద్ధతిది గాదు, దానిని వాడిన తొందరది. ఎఫ్.ఎం.లో వెలుగును నిర్ణయించునది మాడ్యులేషను సూచిక; సూచికకంటె ఇంచుమించు ఒకటి ఎక్కువగా పార్శ్వస్వరములు ప్రబలముగా నుండును. మూలతరంగము, ఊగించు తరంగము రెండును 440 హెర్ట్జులై, సూచిక 5 ఐనచో, నాదము సుమారు 3,080 హెర్ట్జుల వఱకు విస్తరించును, సొంపుగానే యుండును. అదే సూచికతో రెండు స్థాయిలు పైకి, 1,760 హెర్ట్జులకు పోయినచో, విస్తారము 12,320 హెర్ట్జులకు పాకును. అనగా ఎఫ్.ఎం. స్వభావతః పూర్తి కీబోర్డు అనుసరణము గల ఫిల్టరువంటిది. తారస్థాయిలో సూచికను మనము చేతులార తగ్గింపవలయును. డీఎక్స్7లో అందులకై ప్రతి ఆపరేటరునకు కీబోర్డుపై ఒక విభజనబిందువు, దానికి ఎడమ కుడి వైపుల బలమును హెచ్చించు తగ్గించు రేఖలు అమర్చబడియే యున్నవి. ఆఱు ఆపరేటరులు, ముప్పదిరెండు అల్గారిథములు, చిన్న తెర, ఒకే జారుమీట: ఇన్నింటి నడుమ ఆ రేఖల వఱకు పోయిన వాదకులు అరుదు. పలువురు సిద్ధముగా నున్న నాదములనే వాడి, అపకీర్తిని వాద్యమునకు కట్టబెట్టిరి.

డిజిటల్ వాద్యములకు స్వంతమైన పారుష్యము మఱియొకటి కలదు. దానిని మిగిలినవానితో కలుపరాదు. నమూనాల వేగములో సగమునకు మించిన పౌనఃపున్యము డిజిటల్ వ్యవస్థలో నిలువజాలదని నైక్విస్ట్, షానన్ పరిశోధనలనుండి తెలిసినదే. నిలువజాలనిది నశించిన బాగుండును. నశింపక, వెనుకకు మడిగి క్రిందికి దిగును. కాంపాక్టు డిస్కు వేగమగు 44,100 నమూనాల వద్ద, 3,000 హెర్ట్జుల రంపపుపంటి తరంగమును వట్టి లెక్కతో పుట్టించితి మనుకొందము. ఎనిమిదవ అనుస్వరము 24,000 వద్ద నుండవలసినది 20,100 వద్ద తేలును. పదవది 14,100 వద్ద, పదునాలుగవది 2,100 వద్ద, పదునైదవది 900 హెర్ట్జుల వద్ద వినబడును. ఇవి మూలస్వరమునకు గుణిజములు గావు. కొన్ని మూలస్వరమునకే దిగువన కూర్చుండును. వాదకుడు స్వరమును పైకి జాఱించినపుడు వీనిలో పెక్కు క్రిందికి జాఱును. గమకమునకు ప్రాణమిచ్చు మన సంగీతమున ఈ ఎదురునడక ఎంత వికృతమో ఊహింపుడు. చుట్టఱికము లేని పౌనఃపున్యములని ఆరంభమున నే ననినది వీనినే. ఒకమాఱు క్రిందికి దిగిన ఈ స్వరములు సంగీతభాగమున కలసిపోవును గనుక ఏ ఫిల్టరును, ఏ ఈక్వలైజరును వానిని ఏఱివేయజాలదు. డిజిటల్ నాదమును కోయుచు కోయుచు పోయినను గరుకు తగ్గలేదని మొఱపెట్టుకొనువారి సంకటమిదియే.

దీనికి మందు పుట్టుకలోనే వేయవలయును. 1996లో స్టాన్‌ఫోర్డునకు చెందిన స్టిల్సన్, స్మిత్ పరిమిత విస్తారము గల స్పందనముల నుండి తరంగమును నిర్మించు రీతిని చూపిరి. 2001లో ఎలి బ్రాంట్ తరంగము తెగిపడు చోట ముందుగా మలచిన మెత్తని మెట్టును అతికించు ఉపాయమును ప్రకటించెను. ఫిన్లండులో వాలిమాకి, హువోవిలైనెన్ మొదలగువారు 2005 తర్వాత ఇదే పనిని బహుస్వల్పమైన లెక్కతో సాధించిరి. వీనికంటె మొఱటుదైనను సులభమగు మార్గము నమూనాల వేగమును రెట్టింపో నాల్గురెట్లో చేసి, లోపల పుట్టించి, వడగట్టి బయటికి పంపుట. నేటి మంచి సాఫ్ట్‌వేరు వాద్యములలో నాణ్యత యను మీట యొకటి యుండి తఱచుగా ఈ పనియే చేయును. కంప్యూటరుపై భారమునకు వెఱచి దానిని తక్కువలో నుంచి, పిమ్మట ఈక్వలైజరుతో పోరాడుట వృథాశ్రమ. డిజిటల్ నాదమంతయు చల్లనిది, అనలాగంతయు వెచ్చనిది యను సామాన్యోక్తికి 1980లలో పట్టు ఉండెను. నేడది ఆచారముగా మాత్రమే మిగిలినది.

నాదము పుట్టిన తరువాతి చికిత్సలను గూర్చి దీర్ఘముగా వ్రాయుట కిష్టపడను. ఈక్వలైజరుతో ఎల్లకాలము కోయుటకంటె, ఆ ప్రాంతము హద్దు మీఱినపుడు మాత్రమే తగ్గించు డైనమిక్ ఈక్వలైజరు మేలు. గాయకుల సకార షకారముల గీరును అణచుటకు పుట్టిన డీ-ఎస్సరు కూడ ఈ జాతిదే, సింథసైజరుపైనను చక్కగా పనిచేయును. టేపుయంత్రమును పోలు సాచురేషను ఎత్తైన కొనలను గుండ్రము చేయుమాట నిజమే గాని, అది తానును క్రొత్త అనుస్వరములను పుట్టించునది. ముందు ఫిల్టరుతో తగ్గించి పిమ్మట సాచురేషను వేయుటకును, వరుస తలక్రిందులు చేయుటకును ఫలమున చాల భేదమున్నది. 1982 నాటి రోలాండ్ జూనో-60 వాద్యపు కోరసు నేటికిని కొనియాడబడుటకు కారణములలో నొకటి, 1969లో ఫిలిప్సు పరిశోధకులు కనుగొన్న బకెట్ బ్రిగేడ్ పద్ధతి గల చిప్పులకు ముందువెనుకల పై పౌనఃపున్యములను వడగట్టు ఫిల్టరులు తప్పనిసరి యగుట. పైగా నిలిచిన అనుస్వరములను కోరసు మెల్లగా కదల్చును. రివర్బునకు పోవు నాదమున పైభాగమును ముందే తగ్గించుట చిన్న పని, పెద్ద ఫలము. ఎటాకు సున్నావద్ద నున్నపుడు వినబడు టక్కుమను శబ్దమునకు మూడునాలుగు మిల్లీసెకనుల వాలు చాలును.

వినువాని పక్షమును కూడ వినవలయును. 85 డెసిబెల్‌ల ధ్వనిని ఎనిమిది గంటలకు మించి భరింపరాదని అమెరికా వృత్త్యారోగ్య సంస్థ సిఫారసు. మూడు డెసిబెల్‌లు పెరిగిన ప్రతిమాఱును ఆ కాలము సగమగును. స్టూడియోలో బిగ్గరగా పెట్టుకొని గంటలకొలది పనిచేసినవాని చెవి తాత్కాలికముగా మొద్దుబాఱి, వెలుగు చాలదని ఇంకను పెంచును. మఱునాటి ఉదయము అదే నాదము వానికే దుస్సహము. వయసు పైబడినకొలది పై పౌనఃపున్యములు వినబడుట తగ్గును గనుక, ఏబదియేండ్ల నిపుణుడు ఇరువదియేండ్ల శ్రోతకొఱకు వెలుగును కొలుచునపుడు తన చెవిని మాత్రమే నమ్మరాదు. మన పెండ్లిపందిళ్లలోని హారన్ స్పీకరులు 2,000, 5,000 హెర్ట్జుల నడుమ ప్రాంతమును ప్రత్యేకముగా బిగ్గర చేసి, మంద్రమును ఇంచుమించు మింగివేయును. అచ్చట వాయించు కీబోర్డు కళాకారుడు ఇంటివద్ద హెడ్‌ఫోనులో సవరించుకొన్న నాదమును నమ్ముకొన్నచో సభికులు చెవులు మూసికొందురు. ఫిల్టరు హద్దును మఱికొంత దించియే వేదిక నెక్కుట అతనికి క్షేమము.

ఇంతయు చదివి, పారుష్యమును మూలచ్ఛేదము చేయవలయునని నేను వాదించుచున్నానని తలపరాదు. 1981లో బేసు గిటారునకు బదులుగా రోలాండ్ సంస్థ విడుదల చేసిన టీబీ-303 ఆ పనికి అక్కఱకు రాక మూలబడినది. బొంబాయి సినీవాదకుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో దానితోనే పది రాగములను డిస్కో తాళమున రికార్డు చేసెను. 1987లో షికాగో యువకుల ఫ్యూచర్ బృందము దాని రెజొనెన్సును కొసవఱకు త్రిప్పి, ఆసిడ్ అను క్రొత్త సంగీతశాఖకు శ్రీకారము చుట్టినది. ఆ నాదము నిశ్చయముగా పరుషమే. కాని వాదకుని చేయి మీటపై ఎడతెగక తిరుగుచుండుటచే అది ఒకచోట నిలువదు. నా సిద్ధాంతమునకు ఈ దృష్టాంతము అనుకూలమే గాని ప్రతికూలము కాదు.

క్రొత్తగా సింథసైజరును కొనిన పాఠకునికి నా మనవి యొక్కటే. వాద్యముతో వచ్చు నాదములు దుకాణమున నిలుచున్న కొనుగోలుదారుని అరనిమిషములో ఆకర్షించుటకై వెలుగు హెచ్చించి, కోరసు రివర్బులు కప్పి కూర్చబడినవి. ఆ ఎఫెక్టుల నన్నింటిని ఆపివేసి, స్పీకరును సంభాషణ స్థాయికి తగ్గించి, వట్టి ఆసిలేటరును కీబోర్డు అడుగునుండి పైవఱకు ఒక్కమాఱు వినుడు. ఏ స్థాయిలో గీరు మొదలగుచున్నదో గుర్తించి, ముందు కీబోర్డు అనుసరణమును, పిమ్మట ఎన్వలపును, ఆ పిమ్మట రెజొనెన్సును సవరింపుడు. ఈక్వలైజరును అటుపిమ్మటనే తెఱవుడు.